కర్టెన్ క్రీపర్, సహదేవి రెండూ వెర్నోనియాలేనా? ఇంతకీ ఏ పేరు రాయాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను. విజయవాడలో మీ అపార్ట్‌మెంట్ బాల్కనీ నుంచి కిందికి వేలాడేలా కర్టెన్ క్రీపర్ పెంచుతున్నారు. నర్సరీవాళ్లు రాసిచ్చిన చీటీలో ‘వెర్నోనియా’ అని ఉంది. ఫోనులో ఫొటో తీసి చూస్తే యాప్ ‘టార్ల్‌మౌనియా’ అంది. ఇంట్లో ఉన్న పాత వనమూలికల పుస్తకంలో సహదేవిని కూడా వెర్నోనియా అనే రాశారు. కాబట్టి ఈ రెండూ ఒక కోవ మొక్కలేనా, కర్టెన్ క్రీపర్ ఆకు కూడా సహదేవిలాగా మందుకు పనికొస్తుందా, ఈ శాస్త్రజ్ఞులు ఊరికే పేర్లు ఎందుకు మారుస్తారు అని అడిగారు.

ముందు సూటిగా జవాబులు. మీ బాల్కనీ మొక్క పేరు ఇవాళ టార్ల్‌మౌనియా ఎలిప్టికా. వెర్నోనియా ఎలిప్టికా, వెర్నోనియా ఎలియాగ్నిఫోలియా అన్నవి అదే మొక్కకు పాత పేర్లు. నర్సరీవారు అబద్ధం చెప్పలేదు, యాప్ పొరపడలేదు. సహదేవి వేరే ప్రజాతి, అంటే దగ్గరి జాతులను కలిపి ఒకే మొదటి పేరు పెట్టిన వేరే గుంపు. దాని పేరు ఇప్పుడు సయాంథిల్లియం సినెరియం. రెండూ పొద్దుతిరుగుడు కుటుంబంలో వెర్నోనియే అనే ఒకే తెగకు చెందినవి. బంధుత్వం అంతవరకే. కర్టెన్ క్రీపర్ ఆకు తినకండి. ఎందుకో తర్వాత చెబుతాను, దాని వెనక నేను చూసిన ఒక సంగతి ఉంది.

నేను డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లకు పైగా వృక్షశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశాను. అందులో సగం కాలం కళాశాల హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కలను షీట్లకు అతికించి దాచే చోటు, బాధ్యత కూడా నాదే. ఆ బీరువాలో ఒక సహదేవి షీటు ఉండేది. ఎండి గోధుమరంగుకు తిరిగిన మొక్క ఒకటి, దాని పక్కన కుడివైపు కింది మూలలో మూడు చీటీలు, ఒకదాని అంచు మీద ఇంకొకటి అతికించి ఉండేవి. అడుగున ఉన్నది సిరాతో వంపులు తిరిగిన దస్తూరీలో ‘వెర్నోనియా సినెరియా’. దాని మీద టైపు చేసిన చీటీ, అదే పేరు, కాకపోతే ఒక రకం పేరు చేర్చి. అన్నిటికన్నా పైన నేను అతికించింది, ‘సయాంథిల్లియం సినెరియం’. పాత చీటీని పీకేయకూడదన్నది హెర్బేరియం మర్యాద. ఎవరు ఎప్పుడు ఏమనుకున్నారో ఆ వరుసంతా షీటు మీదే ఉండాలి. మీ ప్రశ్నకు పూర్తి జవాబు ఆ మూడు చీటీల మందంలో ఉంది. అందుకే కాస్త వెనక్కి వెళ్లాలి.

వెర్నోనియా అనే పేరు పెట్టింది ష్రెబర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు, 1791లో. 1698 ప్రాంతంలో అమెరికాలోని మేరీలాండ్‌కు వెళ్లి మొక్కలు సేకరించిన విలియం వెర్నన్ అనే ఆంగ్లేయుడి గౌరవార్థం ఆ పేరు. ఈ ప్రజాతికి ఆధారంగా నిలిచిన జాతి కూడా అమెరికాదే. మొక్కలకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన లినేయస్ దానికి 1753లో సెరటులా నోవెబొరాసెన్సిస్ అని పేరు పెట్టాడు, తర్వాత అది వెర్నోనియా నోవెబొరాసెన్సిస్ అయింది. ‘నోవెబొరాసెన్సిస్’ అంటే న్యూయార్క్‌ది అని అర్థం. అక్కడివారు దాన్ని ఐరన్‌వీడ్ అంటారు. మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. ఒక ఏడాది వేసవి చివర్లో వాగు ఒడ్డున ఆరడుగుల ఎత్తు మొక్క ఫొటో తీసి పంపి, ‘నాన్నా, ఇది సహదేవిని ఎవరో ఎరువు వేసి పెంచినట్టు లేదూ?’ అని అడిగింది. నిజంగానే అలాగే ఉంది, ముదురు ఊదారంగు పూలగుత్తులతో. అదే అసలైన వెర్నోనియా. ఈ విషయాన్ని గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మరి మన సహదేవి ఆ పేరులోకి ఎలా వచ్చింది? లినేయస్ దాన్ని 1753లోనే కొనైజా సినెరియా అని పిలిచాడు. 1829లో లెసింగ్ దాన్ని తెచ్చి వెర్నోనియాలో పెట్టాడు. అప్పటి పద్ధతి అది. పొద్దుతిరుగుడు కుటుంబంలో ఊదా రంగు పూలుండి, చుట్టూ రేకుల్లాంటి కిరణ పుష్పకాలు లేకుండా, ఆకులు ఒకదాని తర్వాత ఒకటి ఏకాంతరంగా వచ్చే ప్రతి మొక్కా వెర్నోనియా సంచిలో పడేది. నిజానికి అదే కాలంలో ఫ్రాన్స్‌లో హెన్రీ కసీనీ అనే ఆయన ఈ మొక్కల పూలను విప్పి చూసి, ఇవన్నీ ఒకటి కావు అని జిమ్నాంథిమమ్, సెంట్రపాలస్, డిస్టెఫానస్ వంటి వేరువేరు ప్రజాతులు చేశాడు. ఆయన మాట ఆనాడు చెల్లలేదు. 1873లో జార్జ్ బెంథమ్ కుటుంబం మొత్తాన్ని తిరిగి సర్ది, వాటన్నిటినీ మళ్లీ వెర్నోనియా సంచిలోకే వేశాడు. బెంథమ్, హుకర్‌ల వర్గీకరణే మన కళాశాలల్లో వందేళ్లకు పైగా పాఠం. మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కల గురించి గాంబుల్ రాసిన గ్రంథంలోనూ సహదేవి వెర్నోనియానే. మీ ఇంట్లోని పాత పుస్తకం ఎక్కడినుంచి ఆ పేరు తీసుకుందో ఇప్పుడు తెలిసింది కదా.

ఆ సంచి ఎంత పెద్దదయిందంటే, అందులో దాదాపు వెయ్యి జాతులు చేరాయి. వేలెడు ఎత్తులో పూసే కలుపుమొక్కలు, మీ కర్టెన్ క్రీపర్‌లాంటి వాలు పొదలు, పశ్చిమ కనుమల్లో పెద్ద చెట్టుగా ఎదిగే వెర్నోనియా ఆర్బోరియా, మడగాస్కర్‌లో పసుపు పూలు పూసే పొదలు, బ్రెజిల్ మైదానాల్లో మంటలు కాల్చినా మళ్లీ వేరు నుంచి చిగురించేవి, అన్నీ ఒకే పేరు కింద. పొద్దుతిరుగుడు కుటుంబంలో చెట్లు అరుదు కాబట్టి మా విద్యార్థులకు ఆర్బోరియా గురించి చెబితే నమ్మేవారు కాదు. ఈ తెగ చిక్కులు ఎంత పేరుమోశాయంటే, ఈ రంగంలో పనిచేసేవారు సరదాగా దీన్ని ‘దుష్ట తెగ’ అని పిలుచుకుంటారు. 2007లో ఒక పరిశోధనాపత్రం శీర్షికలోకే ఆ మాట ఎక్కింది.

సంచి చిరగడం ఎక్కడ మొదలైంది? ముందు సూక్ష్మదర్శిని కింద. ఈ మొక్కల పుప్పొడి రేణువులు చూడముచ్చటగా ఉంటాయి. కొన్ని జాతుల్లో రేణువు ఒంటినిండా ముళ్లు ఉంటాయి, అంతే. మరికొన్నిటిలో ఆ ముళ్ల అడుగున గట్లు లేచి, గదులు గదులుగా తేనెపట్టులా కనిపిస్తుంది. సహదేవిది ఈ రెండో బాపతు. ఆ తర్వాత క్రోమోజోముల లెక్క వచ్చింది. శామ్యూల్ జోన్స్ వంటివారు 1970లలో లెక్కపెట్టి చూస్తే, అమెరికా ఖండాల వెర్నోనియాలకు మూలసంఖ్య 17 అని, ఆసియా ఆఫ్రికా వాటికి 9 లేదా 10 అని తేలింది. సహదేవికి 9, అంటే మామూలు కణంలో 18. ఒకే ప్రజాతి అనుకున్న గుంపులో సముద్రానికి అటూ ఇటూ లెక్క ఇంత తేడాగా చీలితే, అది ఒకే ప్రజాతి కాదేమో అన్న అనుమానం సహజం.

ఆ అనుమానాన్ని పట్టుకుని జీవితమంతా పనిచేసినవాడు హెరాల్డ్ రాబిన్సన్, అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో. 1990లో బక్కరాయిడిస్, సయాంథిల్లియం అనే పాత పేర్లను బయటికి తీసి, మన సహదేవిని సయాంథిల్లియంలోకి మార్చాడు. 1999లో అమెరికా ఖండాల జాతులను, అదే ఏడాది ఆసియా ఆఫ్రికా జాతుల్లో చాలావాటినీ విడదీశాడు. చివరికి వెర్నోనియా పేరు కింద మిగిలినవి సుమారు ఇరవై జాతులు, చాలావరకు ఉత్తర అమెరికావి. ఆ తర్వాత స్టెర్లింగ్ కీలీ బృందం డీఎన్‌ఏ పోల్చి చూసింది. పాత సంచి ఒకే మూలం నుంచి వచ్చిన గుంపు కాదని అప్పుడు గట్టిగా తేలింది.

ఇక్కడ ఒక మాట విడమరచాలి. ఎందుకంటే ‘అయితే ఏమిటి, వెయ్యి జాతులనూ వెర్నోనియా అనే ఉంచితే పోయేదేముంది?’ అని మంచి విద్యార్థి ప్రతి ఒక్కరూ అడుగుతారు. పోయేదేమిటంటే, ఆ వెయ్యింటి మధ్యలోంచి వేరే పేర్లున్న ప్రజాతులు పుట్టుకొచ్చాయి. మన అడవుల్లో ఆకులు నేలకు పరుచుకుని పెరిగే ఎలిఫాంటోపస్ స్కేబర్ చూసే ఉంటారు. దానికి వెర్నోనియా అని ఎవరూ ఎన్నడూ పేరు పెట్టలేదు, రూపం అంత వేరు. కానీ వంశవృక్షంలో అది వెర్నోనియా కొమ్మల నడుమే కూర్చుని ఉంది. అంటే పాత వెర్నోనియాను అలాగే ఉంచాలంటే ఎలిఫాంటోపస్‌ను, దానిలాంటి ఇంకెన్నో ప్రజాతులను కూడా అందులో కలిపేయాలి. అప్పుడు అది ప్రజాతి కాదు, తెగ మొత్తం. లేదా సంచిని విప్పి ఎవరి ముల్లె వారికి ఇవ్వాలి. రెండోదే జరిగింది.

విడిపోయినప్పుడు పేరు ఎవరికి దక్కాలి? ఇదే చాలామందికి మింగుడుపడదు. మనకు వెర్నోనియా అంటే సహదేవి, అది ఊరూరా ఉంది, వాడుకలో ఉంది, మరి పేరు మనకే ఉంచవచ్చు కదా? వృక్షశాస్త్ర నామకరణ నియమావళి అలా ఒప్పుకోదు. పేరు సంఖ్యాబలంతో పోదు, టైప్ నమూనాతో, అంటే ఆ పేరుకు ఆధారంగా నిలిచిన మొక్కతో పోతుంది. అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఇలవేల్పు పటం ఎవరి వాటాకు వస్తే పండుగ వారింటనే జరిగినట్టు, టైప్ జాతి ఏ గుంపులో ఉంటే పాత పేరు ఆ గుంపుదే. వెర్నోనియాకు టైప్ న్యూయార్క్ ఐరన్‌వీడ్. కాబట్టి పేరు అమెరికాలో ఉండిపోయింది, మన మొక్కలన్నీ వేరే పేర్లు వెతుక్కోవలసి వచ్చింది.

దీనికి మినహాయింపులు లేవా అంటే ఉన్నాయి, ఆ మినహాయింపు దెబ్బ కూడా మనమే తిన్నాం. అకేసియా ప్రజాతిని విడదీసినప్పుడు టైప్ మన నల్లతుమ్మే. మామూలుగా అయితే అకేసియా పేరు తుమ్మకే మిగలాలి. కానీ ఆస్ట్రేలియాలో ఆ పేరుతో దాదాపు వెయ్యి జాతులున్నాయని, వాటన్నిటికీ పేర్లు మార్చడం కష్టమని వాదన వచ్చి, 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో టైప్‌నే మార్చేశారు. తుమ్మ వచెల్లియా అయింది, సండ్ర సెనెగాలియా అయింది. దాని మీద పెద్ద రగడే జరిగింది. నాకైతే ఆ నిర్ణయం ఇప్పటికీ రుచించదు. వెర్నోనియా విషయంలో కనీసం నియమం ప్రకారం జరిగింది.

మరో సంగతి. ‘కొత్త పేర్లు’ అని విసుక్కుంటాం గాని, వాటిలో చాలా పేర్లు మన తాతల తాతలకన్నా పాతవి. అడవిజీలకర్రను తీసుకోండి. చాలా పుస్తకాల్లో అది వెర్నోనియా ఆంథెల్మింటికా, కొన్ని ఆయుర్వేద పుస్తకాల్లో సెంట్రాథెరమ్ ఆంథెల్మింటికమ్. ఇవాళ్టి పేరు బక్కరాయిడిస్ ఆంథెల్మింటికా. ఇది 1794లో మోయెంక్ పెట్టిన పేరు. దాన్ని వెర్నోనియాలోకి విల్డెనో తెచ్చింది 1803లో. అంటే ‘కొత్త’ పేరే తొమ్మిదేళ్లు పెద్దది. సయాంథిల్లియం కూడా 1826 నాటి బ్లూమ్ పెట్టిన పేరు. రాబిన్సన్ చాలా చోట్ల చేసిన పని కొత్త పేర్లు పుట్టించడం కాదు, అటక మీద పడేసిన పేర్లను దులిపి కిందికి దించడం.

మీ కర్టెన్ క్రీపర్ మాత్రం ఆ బాపతు కాదు. దానికి అటక మీద పేరేదీ దొరకలేదు. ఎలిప్టికా, ఎలియాగ్నిఫోలియా అన్న రెండు పేర్లూ 1830లలో డి కాండోల్ పెట్టినవే. ఒకే మొక్కకు రెండు పేర్లు పడితే ముందు అచ్చయినదే నిలుస్తుంది కాబట్టి ఎలిప్టికా మిగిలింది. ప్రజాతి దగ్గరే చిక్కు. మయన్మార్, థాయిలాండ్ ప్రాంతాల ఈ వాలు పొదను పక్కనున్న ఏ గుంపులో పెట్టినా ఇమడలేదు. చివరికి 2008లో రాబిన్సన్, కీలీ తదితరులు దీని ఒక్కదాని కోసమే టార్ల్‌మౌనియా అనే ప్రజాతిని ఏర్పరిచారు. ఆ ప్రజాతిలో ఉన్నది ఇదొక్కటే జాతి. హైదరాబాదులో, విజయవాడలో మేడల మీద నుంచి ఆకుపచ్చ తెరలా దిగే ఆ మొక్క ప్రపంచంలో ఏకైక టార్ల్‌మౌనియా అన్నమాట. మీ బాల్కనీకి ఇది కాస్త గొప్పే.

ఇప్పుడు ఆకు తినవద్దన్న విషయం. నాలుగైదేళ్ల కిందట మా వీధిలో ఒక పెద్దాయన నన్ను ఆపి, రోజూ పరగడుపున ఆరు వెర్నోనియా ఆకులు నములుతున్నానని, చక్కెర తగ్గుతుందని ఎవరో వీడియోలో చెప్పారని అన్నారు. ఏ ఆకు అని అడిగితే మేడ మీదికి తీసుకెళ్లి చూపించింది కర్టెన్ క్రీపర్‌ను. వీడియోలో చెప్పినది ఆఫ్రికా మొక్క, చేదాకు. పాత పేరు వెర్నోనియా అమిగ్డలైనా, ఇప్పటి పేరు జిమ్నాంథిమమ్ అమిగ్డలైనమ్, అదే కసీనీ పెట్టిన ప్రజాతి. నైజీరియాలో దాని ఆకును బాగా పిసికి, చేదు పోయేదాకా కడిగి పులుసులో వేసుకుంటారు. 1987లో టాంజానియాలోని మహాలేలో, ఒంట్లో బాగాలేని చింపాంజీ ఒకటి దాని లేత కొమ్మ తొక్క ఒలిచి లోపలి చేదు గుజ్జు నమలడాన్ని మైకేల్ హఫ్‌మన్ చూసి నమోదు చేశాడు. జంతువులు తమకు తామే వైద్యం చేసుకుంటాయా అన్న చర్చలో ఈ మొక్కను తరచూ ఉదహరిస్తారు. అంత చరిత్ర ఉన్న ఆకు వేరు, పెద్దాయన నమిలిన ఆకు వేరు. రెండిటికీ పొంతన ‘వెర్నోనియా’ అన్న పాత లేబులు ఒక్కటే. అదృష్టం కొద్దీ ఆయనకు ఏమీ కాలేదు, నోరు చేదెక్కడం తప్ప. కానీ ఈ తెగ మొక్కల్లో సెస్క్విటెర్పీన్ లాక్టోన్లు అనే చేదు పదార్థాలు సాధారణం. వాటిలో కొన్ని మందుగా పరిశోధనలో ఉన్నాయి, కొన్ని విషపూరితాలు. ఏ జాతిలో ఏది ఎంత ఉందో తెలియకుండా పేరు చూసి నమలడం ప్రమాదం. చక్కెర వ్యాధికి మాత్రలు వాడుతున్నవారైతే అసలైన చేదాకునైనా వైద్యుడికి చెప్పకుండా మొదలుపెట్టకూడదు.

ఇలాంటి తికమకే అడవిజీలకర్రతోనూ ఉంది. హిందీలో దాన్ని కాలీజీరీ అంటారు. పచారీ కొట్టులో కాలీజీరీ అడిగితే నల్లజీలకర్ర ఇచ్చినవారిని చూశాను, అంటే పూర్తిగా వేరే కుటుంబం. తేడా తెలుసుకోవడం తేలికే. నల్లజీలకర్ర గింజ మూలలు తేలి, నూగు లేకుండా ఉంటుంది. అడవిజీలకర్ర దాదాపు అర సెంటీమీటరు పొడవు, నిలువు గీతలు, వాటి మీద సన్నని నూగు, నాలుక మీద పెడితే చేదు గొంతుదాకా దిగుతుంది. సంస్కృతంలో ‘సోమరాజి’ అన్న పేరు ఒకచోట దీనికి, మరొకచోట బావంచాలకు వాడటం ఇంకో గందరగోళం. దాని జోలికి ఇప్పుడు పోను.

పేరు ఎంత మొండిదో చెప్పే ముచ్చట ఒకటి. అడవిజీలకర్ర గింజల నూనెలో 1954లో గన్‌స్టోన్ ఒక ప్రత్యేకమైన కొవ్వు ఆమ్లాన్ని గుర్తించాడు. మొక్క అప్పుడు వెర్నోనియా కాబట్టి అది ‘వెర్నోలిక్ ఆమ్లం’ అయింది. రంగులు, పూతల పరిశ్రమకు పనికొస్తుందని ఇథియోపియా ప్రాంతపు వెర్నోనియా గలమెన్సిస్‌ను ఆ నూనె కోసం పంటగా వేయడానికి ప్రయత్నాలు జరిగాయి. ఆ మొక్క ఇప్పుడు సెంట్రపాలస్. రెండు మొక్కలూ వెర్నోనియా నుంచి వెళ్లిపోయాయి, ఆమ్లం మాత్రం వెర్నోలిక్‌గానే ఉంది. రసాయన శాస్త్రజ్ఞులకు మా నియమావళితో పని లేదు మరి.

మీరు అడగలేదు గాని, పోల్చుకోవడం ఎలాగో చెబుతాను. దారి పక్కన సహదేవి దొరకని ఊరు మన దగ్గర లేదు. పెసరగింజంత ఊదా పూలగుండు ఒకటి తుంచి తెల్లకాగితం మీద పెట్టి, గుండుసూదితో విప్పండి. బయట ఆకుపచ్చగా సన్నగా, వరసలు వరసలుగా ఉన్నవి పుచ్ఛాలు. వాటిని తొలగిస్తే లోపల ఇరవై దాకా చిరుపూలు, అన్నీ ఒకేలాంటి గొట్టాలు, చామంతికి ఉన్నట్టు అంచున రేకులు ఉండవు. ఒక చిరుపువ్వును పట్టి లాగితే అడుగున గింజ కాబోయే భాగం, దాని నెత్తిన తెల్లని వెంట్రుకల కుచ్చు. ఆ కుచ్చును లెన్సు కింద చూడండి. పొడవాటి వెంట్రుకల అడుగున చుట్టూ మరో వరస, బాగా పొట్టివి. ఇక గొట్టం నుంచి బయటికి పొడుచుకొచ్చి రెండుగా చీలి వెనక్కి వంగినది కీలం, అంటే పువ్వులోని ఆడ భాగపు కాడ. ఆ కీలం చీలికలు రెండూ సన్నగా, కొనదేలి ఉంటాయి, వాటి వీపు మీది సన్నని నూగు, కీలం చీలిన చోటుకు కిందిదాకా దిగుతుంది. ఈ కీలమే తెగ గుర్తు. మీ కర్టెన్ క్రీపర్ పువ్వు విప్పినా, న్యూజెర్సీ ఐరన్‌వీడ్ విప్పినా ఇదే కనిపిస్తుంది.

నాకు వచ్చే ఫొటోలలో సగం అసలు ఈ తెగవే కావు. రోడ్ల పక్కన, అడవి అంచుల్లో పొదలు పొదలుగా అల్లుకునే క్రొమోలీనా ఒడొరాటాను తీసి పంపి ‘ఇది ఏ వెర్నోనియా?’ అని అడుగుతారు. ఆకులు చూస్తే చాలు. దానికి కణుపు దగ్గర రెండేసి ఆకులు ఎదురెదురుగా వస్తాయి, నలిపితే ఘాటైన వాసన. వెర్నోనియా తెగలో మామూలుగా కణుపుకు ఒక్క ఆకే. అన్నట్టు ఆ క్రొమోలీనా కూడా ఒకప్పుడు యుపటోరియం అనే మరో పెద్ద సంచిలో ఉండేది. ఆ సంచిని విప్పినవారిలోనూ ఈ రాబిన్సనే ఒకరు, రాబర్ట్ కింగ్‌తో కలిసి.

ఇందులో నేను ఒప్పుకోవలసిన లోపాలు కూడా ఉన్నాయి. నియమావళి ఒక గుంపుకు ఏ పేరు చెల్లుతుందో చెబుతుందే గాని, గుంపు ఎంత పెద్దగా ఉండాలో చెప్పదు. అది శాస్త్రజ్ఞుడి అభిప్రాయం. రాబిన్సన్ మరీ చిన్న ముక్కలు చేశాడన్నవారు ఉన్నారు. కొన్ని ముక్కల విషయంలో నాకూ అలాగే అనిపిస్తుంది. పైగా ఆఫ్రికా జాతులు చాలావాటిని ఇంకా ఎవరూ తిరగేయలేదు. అవి ఎక్కడికీ పోలేక వెర్నోనియా పేరుతోనే ఉన్నాయి. అందుకే లండన్‌లోని క్యూ వృక్షశాస్త్ర ఉద్యానవనం వారి ‘ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్’లో వెతికితే వెర్నోనియా కింద ఇరవైకి మించి చాలా పేర్లు కనిపిస్తాయి. చూసి నేను తప్పు చెప్పాననుకోకండి. మందుల పరిశోధకులు ఈనాటికీ వెర్నోనియా సినెరియా అనే రాస్తున్నారు. ఆ పేరు చెల్లనిది కాదు, పాత అభిప్రాయాన్ని చెప్పే పేరు, అంతే.

ఈ తేడా తెలియక ఒక పిల్లవాడికి మార్కులు పోయాయి. ప్రాక్టికల్ పరీక్షలో సహదేవి కొమ్మ ఇస్తే, నేను నేర్పినట్టే సయాంథిల్లియం అని రాశాడు. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఎర్రసిరాతో కొట్టేసి పక్కన వెర్నోనియా అని దిద్దారు. ఇద్దరం కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. చివరికి సగం మార్కులు ఇచ్చారు. అప్పటినుంచి మా విద్యార్థులకు రెండు పేర్లూ రాయమని చెప్పేవాణ్ణి.

మీరూ అదే చేయండి. కుండీ మీద ‘టార్ల్‌మౌనియా ఎలిప్టికా, పాత పేరు వెర్నోనియా ఎలిప్టికా’ అని రాసుకోండి. నర్సరీలో అడిగేటప్పుడు కర్టెన్ క్రీపర్ అనే అడగండి, కొత్త పేరు చెబితే వాళ్లు ఖాళీ చూపు చూస్తారు. కొమ్మ ముక్కలు నాటితే వస్తుంది కాబట్టి మళ్లీ కొననక్కర కూడా లేదు. ఈసారి పూత వచ్చినప్పుడు, సాధారణంగా చలికాలం వెళ్లేటప్పుడు వస్తుంది, చిన్నవి, తెల్లగా లేత గులాబీ ఛాయతో ఉంటాయి, ఒక పూలగుండు తుంచి పైన చెప్పినట్టు విప్పి, కీలం కనిపించేలా దగ్గర నుంచి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. పక్కనే సహదేవి పువ్వు కూడా పెడితే ఇంకా మంచిది, గింజల మీది కుచ్చులు పోల్చి చూద్దాం.